అన్నం తిన్నాక పళ్లు కుట్టుకుంటున్న యువరాజు

ఒక లావుపాటి యువకుడు కుర్చీలో వెనక్కి జారబడి కూర్చున్నాడు. కాళ్లు చాపుకున్నాడు. పొట్ట మీద వెయిస్ట్‌కోటు బిగిసిపోయి ఒక్క గుండీ మీద ఆగి ఉంది. చేతిలో ఫోర్కు. దాంతో పళ్లు కుట్టుకుంటున్నాడు. బల్ల మీద మాంసం ఊడ్చేసిన ఎముకలు, మందు సీసాలు. కుర్చీ కింద ఖాళీ అయిన సీసాలు దొర్లి ఉన్నాయి. వెనకాల నిండి పొర్లుతున్న మూత్రపు కుండ. ఆ కుండ కింద, గాలికి ఎగిరిపోకుండా బరువు పెట్టినట్టు, కొన్ని కాయితాలు. కోళ్లు అమ్మినవాడి బిల్లు, కసాయివాడి బిల్లు, రొట్టెలవాడి బిల్లు. డబ్బు కట్టని బిల్లులు.

ఈ అచ్చుబొమ్మ 1792 జూలై 2న లండన్‌లో బయటికొచ్చింది. వేసినవాడు జేమ్స్ గిల్రే. అచ్చువేసి అమ్మింది హన్నా హంఫ్రీ అనే ఆవిడ, ఓల్డ్ బాండ్ వీధిలోని తన దుకాణంలో. బొమ్మలో ఉన్నవాడు అప్పటి ఇంగ్లండు యువరాజు జార్జ్. తర్వాత నాలుగో జార్జ్ పేరుతో రాజైనవాడు. ఈ బొమ్మ నాటికి అతనికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. బొమ్మకు గిల్రే పెట్టిన పేరు 'ఎ వొలప్చువరీ అండర్ ది హారర్స్ ఆఫ్ డైజెషన్'. అరుగుదల బాధలు పడుతున్న భోగి అని చెప్పుకోవచ్చు. బ్రిటిష్ మ్యూజియంలోనూ, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ దీని ప్రతులున్నాయి.

దొరల భోజనాల బొమ్మలు ఆ శతాబ్దంలో చాలా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం దొరలు తమ గొప్ప చూపించుకోడానికి వేయించుకున్నవి. 1782 జనవరిలో ఫ్రాన్సు రాజుకు కొడుకు పుట్టిన సంబరంగా ప్యారిస్ నగరం రాజుకూ రాణికీ విందు ఇస్తే, దాన్ని మోరో ల జ్యూన్ అనే కళాకారుడు రాగిరేకు మీద చెక్కాడు. పొడవాటి గది, స్తంభాలు, వేలాడే దీపాలు, వరసగా కూర్చున్న జనం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అందులో ఎవరూ నములుతున్నట్టు కనిపించరు. తిండి బల్ల మీద అలంకారంగా ఉంటుంది. గిల్రే మటుకు తిండి లోపలికి పోయాక ఒంటికి ఏమవుతుందో వేశాడు. అందుకే ఆ పెద్ద విందు బొమ్మను వదిలి, ఒక్క మనిషి మాత్రమే ఉన్న ఈ బొమ్మను తీసుకున్నాను.

ముందు బొమ్మను నిదానంగా చూద్దాం. నేల మీద పాచికలు, జూదపు లెక్కల పుస్తకం పడి ఉన్నాయి. ఆ లెక్కల్లో ఒకదాని పేరు 'పరువు అప్పులు'. అవీ కట్టలేదు. జూదంలో సాటి దొర దగ్గర ఓడిపోయిన డబ్బును పరువు అప్పు అనేవారు. కోడిమాంసం అమ్మినవాడి డబ్బు మామూలు అప్పు. పరువు అప్పు తీర్చకపోతే దొరల మధ్య తలెత్తుకోలేరు. కోళ్లవాడి అప్పు ఎన్నాళ్లు నిలబెట్టినా ఎవరి పరువూ పోదు. ఒకటి నేల మీద, ఇంకొకటి మూత్రపు కుండ కింద. గిల్రే రెంటినీ విడివిడిగా వేశాడంటే ఆ తేడా అతనికి బాగా తెలుసన్నమాట.

పక్కనే చిన్న స్టాండు మీద మందుల సీసాలు, మాత్రల డబ్బాలు. నోటి కంపుకు చుక్కల మందు ఒకటి, మొలలకు ఒకటి. మిగతావి సుఖరోగాలకు ఆ రోజుల్లో అమ్మిన మందులు. (పదో తరగతి పిల్లలకు ఈ సీసాల దగ్గర నేను ఆగలేదు. ఆగాలో వద్దో టీచర్లే తేల్చుకోవాలి.) గోడ మీద ఒక పటం ఉంది. అందులో ముసలాయన చేతిలో నీళ్ల గ్లాసు. ఆయన లుయీజీ కొర్నారో, వెనిస్ నగరంవాడు, పదహారో శతాబ్దంలో మితంగా తింటే ఎక్కువ కాలం బతకొచ్చని పుస్తకం రాసినవాడు. యువరాజు ఆయనకు వీపు తిప్పి కూర్చున్నాడు. రాచముద్ర ఉండాల్సిన చోట పళ్లెం, కత్తి, ఫోర్కు. కిటికీలోంచి స్తంభాలు కనిపిస్తాయి. అవి కార్ల్‌టన్ హౌస్‌వి, యువరాజు కోట్ల ఖర్చుతో సింగారించుకుంటున్న మేడ.

ఈ బొమ్మను కలర్ జిరాక్సు తీయించి మా బడికి పట్టుకెళ్లాను. పదో తరగతిలో ఇరవై ముగ్గురు పిల్లలు. ఎముకలు, సీసాలు, కుండ చూసి నవ్వారు. ఒకడు మా సంతలోని ఫలానా సావుకారు అన్నాడు. ఇంకా నవ్వారు. నవ్వు ఆగాక వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది, "మాస్టారూ, ఆ అప్పు ఎవరు తీర్చారు?"

ఇంగ్లండు పుస్తకాల్లో ఈ బొమ్మ గురించి రాసినవాళ్లలో నేను చదివినంతలో ఎక్కువమంది పొట్ట గురించి, గుండీ గురించి, నోట్లో ఫోర్కు గురించి రాశారు. మా అమ్మాయి కాయితాల దగ్గర ఆగింది. అప్పు పత్రం చూస్తే ముందు దాని సంగతి తేల్చుకోవాలన్న జాగ్రత్త మన ఇళ్లల్లో చిన్నప్పటి నుంచీ వస్తుంది. చింతపండు, పసుపు, కాఫీ గింజలు కాతకు ముందే తాకట్టుపడిన ఇళ్లు మన ఊళ్లల్లో ఎన్నో. సావుకారు చిట్టా మన దగ్గర ఎంత దూరం వెళ్లిందో తెలియాలంటే 1917 ఏజెన్సీ చట్టం చూడండి. వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదు, వడ్డీ మీద వడ్డీ వేయకూడదు, మొత్తం వడ్డీ అసలును మించకూడదు అని తెల్లప్రభుత్వమే రాసుకోవాల్సి వచ్చింది. దాటకూడదని రాశారంటే అప్పటికే ఎక్కడిదాకా దాటిందో అర్థం చేసుకోవచ్చు.

కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ బొమ్మకు అయిదేళ్ల ముందు, 1787లో, యువరాజు అప్పులు తీర్చడానికి పార్లమెంటు 1,61,000 పౌన్లు ఇచ్చింది. కార్ల్‌టన్ హౌస్ పనులకు ఇంకో 60,000 పౌన్లు. ఇక అప్పు చేయనని యువరాజు మాట ఇచ్చాడు. బొమ్మ వచ్చిన 1792 నాటికి ఆ మాట ఎటుపోయిందో బొమ్మే చెబుతోంది. 1795కు అతని అప్పు 6,30,000 పౌన్ల దగ్గర తేలింది. తండ్రి చెప్పిన సంబంధం చేసుకుంటే అప్పు సంగతి చూస్తామన్నారు. ఆ ఏప్రిల్‌లో బ్రన్స్‌విక్ రాకుమారి కరోలిన్‌ను పెళ్లాడాడు. పార్లమెంటు మళ్లీ అతని రాబడి పెంచి, అప్పు తీర్చే ఏర్పాటు చేసింది. పార్లమెంటు డబ్బు అంటే పన్నుల డబ్బు. కోడిమాంసం అమ్మినవాడు కూడా కొవ్వొత్తి కొన్నప్పుడు, ఉప్పు కొన్నప్పుడు పన్ను కట్టినవాడే. తనకు రావలసిన బాకీలో తన వంతు తనే కట్టుకున్నాడన్నమాట.

అప్పు తీర్చలేని ఇంకొకరి సంగతి కూడా అదే తరగతిలో చెప్పాను, ఎందుకంటే అది మనకు దగ్గరలోనే జరిగింది. ఈ బొమ్మ వచ్చిన రెండేళ్లకు, 1794 జూలై 10న, విశాఖపట్నం దగ్గర పద్మనాభంలో ఈస్టిండియా కంపెనీ సైన్యం విజయనగరం రాజు చినవిజయరామరాజును చంపింది. ఆయన మీద ఉన్న నేరం పేష్కష్ బకాయి. ఆయనతో పాటు ఎంతోమంది సర్దార్లు పడిపోయారు. కొడుకు కొండ జమీందార్ల అండ చేరాడు. విజయనగరం రాజులు మనకు చుట్టాలేం కాదు. కొండ మీది దొరలను అణిచి, వాళ్ల ముఠాలు కలుపుకున్నది కూడా వాళ్లే. ఆ మాట మరిచిపోనక్కర్లేదు. కానీ ఒకే దేశపు సర్కారు లండన్‌లో బాకీపడ్డవాడి రాబడి పెంచింది, పద్మనాభంలో బాకీపడ్డవాడి మీదికి ఫిరంగులు పంపింది. గిల్రే బొమ్మ పక్కన ఆ తేదీ పెట్టి చూస్తే మూత్రపు కుండ కింది కాయితాలు ఇంకోలా కనిపిస్తాయి.

ఇప్పుడు బొమ్మలో లేనివాళ్ల గురించి. గదిలో యువరాజు తప్ప మనిషి లేడు. వండినవాడు లేడు, వడ్డించినవాడు లేడు, కుండ మోయాల్సినవాడు లేడు. బాకీ రావలసినవాళ్లు కాయితాలుగా మాత్రమే ఉన్నారు. ఇది గిల్రే తప్పా అంటే, ఒక్కడే కూర్చుని తిన్నాడని చూపించడం బొమ్మకు బలం. ఒక్కడే తినడం మన దగ్గర ఎంత ఎబ్బెట్టో మీకు తెలుసు. కొత్తలు పెట్టకుండా, పెద్దలకు చూపకుండా, పక్కింటికి పంపకుండా తిన్నవాణ్ణి ఊరు ఏమంటుందో వేరే చెప్పాలా? గిల్రే ఆ ఒంటరితనాన్ని పట్టుకున్నాడు. అయితే ఆ ఎముకల మీది మాంసం ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న సంగతి అతన్ని కదిలించలేదు. అతనికి కావాల్సింది దొర పొట్ట. నా ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది, కానీ ఇక్కడితో తేలేది కాదు.

అదే నెల 28న గిల్రే దీనికి జంటగా ఇంకో బొమ్మ వేశాడు. 'టెంపరెన్స్ ఎంజాయింగ్ ఎ ఫ్రూగల్ మీల్', మితాహారపు భోజనం. ఇందులో యువరాజు తల్లిదండ్రులు, రాజు మూడో జార్జ్, రాణి షార్లట్. రాజు ఉడకబెట్టిన గుడ్డు మీదికి వంగి తింటున్నాడు. రాణి ఆకులు నోట్లో కుక్కుకుంటోంది. తాగడానికి మంచినీళ్లు. రాజు కుర్చీకి గుడ్డ తొడుగు, గంట తాడుకు సంచి తొడుగు, కిందున్న తివాచీ పాడవకుండా దాని మీద ఇంకో గుడ్డ. పొయ్యిలో నిప్పు లేదు, పూలు పెట్టి ఉన్నాయి. లాగుకు మాసిక. గోడల మీద చట్రాలున్నాయి, లోపల పటాలు లేవు. పక్కన గట్టి ఇనప ఖజానా.

పిల్లలకు ఇది అర్థం కాలేదు. గుడ్డు తింటే తప్పేముంది? ఆకుకూర తింటే నవ్వెందుకు? వాళ్ల ప్రశ్న న్యాయమైందే. మన ఇళ్లల్లో ఏ ఆకు ఏ నెలలో ఎక్కడ దొరుకుతుందో ఆడవాళ్ల నోటికి వచ్చు. ఆకులు తినే నోరు చూసి నవ్వేవాడి చూపు మీద నాకూ కొంచెం అనుమానమే. కానీ ఖజానాను చూపించాక బొమ్మ తెరుచుకుంది. ఆ రాజుకు కొలువు ఖర్చుల కింద పార్లమెంటు ఇచ్చేది ఏడాదికి 9 లక్షల పౌన్లు. లేనివాడు తొడుగు వేసి దాచుకుంటే అది జాగ్రత్త. 9 లక్షలున్నవాడు కుర్చీకి తొడుగేసుకుని, చలికి పొయ్యి రాజేయకుండా కూర్చుంటే ఆ మిగిలింది ఎక్కడికి పోతోంది? కొడుకు పొట్టలోకి పోయింది కనిపిస్తోంది, తండ్రిది ఇనప తలుపు వెనక్కి పోయింది. రెండు గదుల్లో ఎక్కడా బయటివాడికి ముద్ద లేదు. ఈ జంటబొమ్మల గొప్పతనం అక్కడుంది. తిండిపోతును చూపించి, మితంగా తినేవాడు మంచివాడు అని నీతి చెప్పి ఊరుకుంటే అది చాలా చిన్న బొమ్మ అయిపోయేది.

పనితనం గురించి ఒక్క మాట, ఎందుకంటే తర్వాత దీంతో పనుంది. ఈ రెండు బొమ్మల్లోనూ గిల్రే స్టిపుల్ అనే పద్ధతి వాడాడు. రాగిరేకు మీద గీతలకు బదులు సన్నని చుక్కలు పొదుగుతారు. చుక్కల దగ్గరతనంతో నీడ వస్తుంది, దూరంతో వెలుతురు. బుగ్గల నునుపు, పట్టుబట్ట మెరుపు దీంతో బాగా పలుకుతాయి. దొరలూ దొరసానులూ తమ రూపాలు అచ్చేయించుకోడానికి ఇష్టపడిన పద్ధతి ఇది. యువరాజును వెక్కిరించడానికి గిల్రే యువరాజులకు చేసే మర్యాదే వాడుకున్నాడు. దూరం నుంచి చూస్తే అందమైన రాచపటం. దగ్గరికి వెళ్తే కుండ. దుకాణం అద్దాల ముందు జనం గుమిగూడేవారట. కొనగలిగినవాళ్లు లోపలికి వెళ్లేవారు, లేనివాళ్లు అద్దంలోంచి చూసి నవ్వి పోయేవారు. యువరాజు కూడా గిల్రే బొమ్మలు కొనేవాడు. తన మీద వేసిన బొమ్మను డబ్బిచ్చి కొనగలిగినవాడికి ఆ నవ్వు ఎంతవరకు తగులుతుందో ఆలోచించాలి.

ఇక మూడో భోజనం. దీన్ని పదో తరగతికి చూపించలేదు. ఆదివారం సాయంత్రం గ్రంథాలయం గదికి వచ్చే పెద్ద పిల్లలకు, డిగ్రీ చదివేవాళ్లకు, ఇద్దరు ముగ్గురు టీచర్లకు చూపించాను. మీరూ అలాగే చేస్తే మంచిది.

1792 సెప్టెంబరు మొదటి వారంలో ప్యారిస్ జైళ్లలోకి జనం చొరబడి వెయ్యి మందికి పైగా ఖైదీలను చంపేశారు. అది జరిగింది, దాన్ని కప్పిపుచ్చాల్సిన పని లేదు. ఆ వార్త లండన్ చేరింది. సెప్టెంబరు 20న గిల్రే బొమ్మ వచ్చింది. పేరు 'అన్ పెటి సూపే ఆ లా పారిసియెన్', ప్యారిస్ వాళ్ల చిన్న రాత్రి భోజనం. ఫ్రాన్సు దొరలు అర్ధరాత్రి చేసుకునే ముచ్చటైన విందును పెటి సూపే అనేవారు, ఆ పేరే తీసుకుని కూలినాలి జనానికి పెట్టాడు. సాన్ క్యులోత్‌లంటే దొరల్లాగా మోకాలి వరకు బిగుతు లాగులు వేసుకోకుండా పొడుగు పంట్లాములు వేసుకునే శ్రమజీవులు. గిల్రే ఆ మాటను పట్టుకుని వాళ్లకు అసలు లాగే లేకుండా చేశాడు. పిర్రలు బయటపెట్టి కూర్చున్నారు. బల్ల మీద మనిషి తల. ఒక ముసలిది పసిబిడ్డను ఇనప చువ్వకు గుచ్చి కాలుస్తోంది. నేల మీద పిల్లలు తొట్టి చుట్టూ కూర్చుని పేగులు తింటున్నారు. గోడ మీద పిచ్చి గీతలు. ఈ బొమ్మలో స్టిపుల్ చుక్కలు లేవు. మొరటు గీత. నునుపు, నీడ, మెరుపు దొరలకు ఖర్చయిపోయాయి.

మూడు బొమ్మలూ బల్ల మీద వరసగా పెట్టి చూడండి. అదే చెయ్యి, అదే వేసవి, మూడు నెలలు కూడా గడవలేదు. యువరాజు అతిగా తింటే అతను లావైన మనిషి. రాజు తినకపోతే అతను పిసినారి మనిషి. ఇద్దరికీ ముఖం ఉంది, పేరు ఉంది, చూడగానే గుర్తుపడతాం. పేదవాడు తినడానికి కూర్చోగానే మనిషే కాకుండా పోయాడు. అతనికి పేరు లేదు. అతని పెళ్లాం, పిల్లలు, ముసలి తల్లి అందరూ అదే. చంపింది కొన్ని గుంపులు. బొమ్మలో మాత్రం నేరం ఒక కుటుంబానిది అయింది, ఇల్లే రాక్షసుల ఇల్లు అయింది. ప్యారిస్ జనం ఎందుకు లేచారు, అంతకు ముందు ఏళ్లలో రొట్టె ధర ఎంతకు పోయింది, వీటి జాడ బొమ్మలో ఎక్కడా లేదు.

ఈ బొమ్మ చూసినప్పుడు మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక కుర్రాడు, "మన సినిమాల్లో మనల్ని ఇలాగే తీస్తారు కదా" అన్నాడు. అందరం ఆ సినిమాలు చూసినవాళ్లమే. హీరో అడవిలో దారి తప్పుతాడు. నెత్తిన ఈకలు, మొహాన రంగులు, నడుముకు ఆకులు కట్టుకున్న గుంపు వస్తుంది. అతన్ని గుంజకు కట్టేస్తారు, చుట్టూ అర్థం లేని అరుపులు, గంతులు. పెద్ద గంగాళం. హాల్లో జనం నవ్వుతారు. మనలో కొందరం నవ్వాం కూడా. ఆ గంగాళం ఎక్కడి నుంచి వచ్చింది? మన ఊళ్లలో ఎవరూ చూడలేదు. గిల్రే పొయ్యి లాంటి పొయ్యిల మీది నుంచి, దొరల పుస్తకాల మీదుగా, అక్కడి సినిమాల్లోంచి మన సినిమాల్లోకి దిగిందని నేను అనుకుంటున్నాను.

మధ్యలో మన కొండల మీదుగా కూడా వచ్చింది. 1835లో గుమ్సూరు రాజు కప్పం బకాయి పడ్డాడని కంపెనీ సైన్యం అతని మీదికి వెళ్లింది. ఆ గంజాం ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. రాజు కొండల్లోకి పారిపోయి కోందుల దగ్గర తలదాచుకున్నాడు. అతని మనుషులను కోందులు అప్పగించలేదు. 1837 దాకా యుద్ధం. ఊళ్లు కాల్చారు, మనుషులను ఉరి తీశారు. ఆ నడుమే కోందుల మెరియా బలి సంగతి కంపెనీ అధికారుల కాయితాల్లోకి ఎక్కింది. 1845లో దాన్ని మాన్పించడానికని మెరియా ఏజెన్సీ పేరుతో ప్రత్యేక యంత్రాంగమే పెట్టారు. మెరియా లేదని నేను అనను, ఉంది, అది పోవడమే మంచిది. కానీ సైన్యం కొండెక్కింది బకాయి కోసం. దిగేటప్పటికి చేతిలో నరబలి కథ ఉంది. బకాయి కథ మరుగున పడింది, బలి కథ పుస్తకాలకెక్కింది. ఊళ్లు కాల్చడానికి ఏ పేరూ పెట్టలేదు. మన గురించి బయటివాళ్లు రాసిన పుస్తకం ఏది తెరిచినా 'కోందు' అన్న మాట పక్కన మెరియా ఉంటుంది, గుమ్సూరు బకాయి కోసం వెతుక్కోవాలి.

గిల్రేకు న్యాయం కూడా చేయాలి. 1788లో వారన్ హేస్టింగ్స్ మీద పార్లమెంటులో విచారణ నడుస్తుంటే 'బ్లడ్ ఆన్ థండర్ ఫోర్డింగ్ ది రెడ్ సీ' అని ఒక బొమ్మ వేశాడు. లార్డ్ ఛాన్సలర్ థర్లో భుజాల మీద హేస్టింగ్స్ కూర్చుని నెత్తుటి సముద్రం దాటుతుంటాడు. చేతుల్లో డబ్బు మూటలు. చుట్టూ భారతీయుల శవాలు తేలుతుంటాయి. కంపెనీ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అంత సూటిగా చెప్పిన బొమ్మలు ఆ రోజుల్లో ఎక్కువ లేవు. దాన్ని నేను గౌరవిస్తాను. అయినా చూడండి, మనం అందులో శవాలం. తినే బల్ల దగ్గర ప్యారిస్ కూలి మనిషి రాక్షసుడు, నెత్తుటి సముద్రంలో భారతదేశపు మనిషి పీనుగ. కూర్చుని అన్నం తింటూ మాట్లాడే మామూలు మనిషిగా ఉండే చోటు ఈ బొమ్మల్లో వీళ్లెవరికీ దొరకలేదు.

గిల్రే దొరబిడ్డ కాదు. తండ్రి సిపాయి, యుద్ధంలో చెయ్యి పోగొట్టుకుని చెల్సియాలోని సైనికుల ఆసుపత్రి ఇచ్చే భత్యం మీద బతికినవాడు. గిల్రే అక్షరాలు చెక్కే పనిలో చేరి, అది నచ్చక తిరుగుడు నాటకాల వాళ్లతో పోయి, తర్వాత రాయల్ అకాడమీ బడిలో చదువుకున్నాడు. కిందనుంచి వచ్చినవాడే. 1797 నుంచి సర్కారు అతనికి గుట్టుగా ఏడాదికి 200 పౌన్ల భత్యం ఇచ్చింది. చివరి ఏళ్లలో మతి చలించి 1815లో పోయాడు. కిందనుంచి వచ్చినంత మాత్రాన కిందివాళ్లను చూసే చూపు వచ్చేస్తుందనుకోవడం మన సంఘాల్లోనూ ఉంది. ఈ బొమ్మల ముందు ఆ నమ్మకం నిలబడదు. ఇంకో సంగతి, గిల్రే తర్వాతివాడు జార్జ్ క్రుక్‌షాంక్‌కు 1820లో రాజు నాలుగో జార్జ్ నుంచి 100 పౌన్లు ముట్టాయి, రాజును తప్పుడు పనుల్లో చూపిస్తూ బొమ్మలు వేయనన్న మాటకు. అవును, పళ్లు కుట్టుకుంటున్న మన యువరాజే. కసాయివాడి బిల్లు కంటే బొమ్మలవాడి నోరు ముందు మూయించాడు.

ఇంతా చెప్పి, మొదటి బొమ్మ గొప్పదే అంటాను. ఆ గుండీ, ఆ ఫోర్కు, కుండ కింది బిల్లులు మరిచిపోలేం. బలవంతుణ్ణి చూసి భయపడకుండా నవ్వడం ఎలాగో మన పిల్లలు దాన్నుంచి నేర్చుకోవచ్చు. మన కుర్రాళ్లు ఫోన్లలో వేసి పంపే వెక్కిరింత బొమ్మల్లో కొన్నింటికి ఆ పదును ఉంది కూడా. కానీ దాన్ని ఒంటరిగా చూపించి ఆగకండి. మూడో బొమ్మ చూడనివాడికి మొదటి బొమ్మ సగమే తెలుసు.

ఆ ఆదివారం అందరూ వెళ్లిపోయాక డిగ్రీ చదివే అమ్మాయి ఒకర్తె మిగిలింది. "మాస్టారూ, ఈయన ప్యారిస్ వెళ్లి చూసి వేశాడా ఇది?" అని అడిగింది. లేదు, లండన్‌లోనే కూర్చుని వేశాడని చెప్పాను. ఆ పిల్ల యువరాజునూ రాజునూ పక్కన పెట్టి, మూడో కాయితాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లి, తొట్టి చుట్టూ కూర్చున్న పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూడ్డం మొదలుపెట్టింది.